నైరుతి గుంత

రేణిగుంట రోడ్డులో ఇనుము, రేకులు అమ్మే షాపులు వరసగా ఉంటాయి. మొన్న మా స్కూల్లో సైకిల్ స్టాండుకు రేకులు కావాలంటే హెడ్మాస్టరు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. రేకుల సంగతి నాకు బాగా తెలుసని ఆయన నమ్మకం. నిజానికి నాకు తెలిసింది రేకులు కాదు, రేకుల పిచ్చి పట్టిన ఒక మనిషి. హెడ్మాస్టరు బేరంలో పడ్డాక, పక్కన ఎవరో పెద్దాయన గోడకు ఆనించిన రేకును వేలి కణుపులతో కొట్టి, తల ఓ పక్కకు వంచి విన్నాడు. ఆయన ఎవరో తెలియదు, ఏ ఊరో తెలియదు. నేను మాత్రం బేరం సంగతి మరిచిపోయి ఆయన్నే చూస్తూ నిలబడిపోయాను. మా చిన్నాయన అచ్చం అట్లాగే కొట్టి వినేవాడు.

రేకుల్నే కాదు, పుచ్చకాయను, పనసకాయను, కొత్త కుండను, పెళ్ళిచూపులకు వెళ్ళిన ఇంటి తలుపును కూడా కొట్టి చూసేవాడు. నేను టీచరు ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్తే నా నెత్తి మీద కూడా కొట్టి, "గట్టిగానే ఉండాది లే పాపా, పిలకాయల్ని ఓర్సుకుంటాది" అన్నాడు. నా జుట్టు నెరిసిన తర్వాత కూడా ఆయనకు నేను పాపనే.

ఈ ఏడు మామిడికాయలు దిగకముందే ఆయన పోయాడు. కార్వేటినగరంలో ఆయన ఇంటి వెనక దొడ్లో ఆయన కట్టుకున్న గ్యారేజీ ఉంది. గ్యారేజీ అంటే స్కూటరు పెట్టుకునే చావిడి అనుకునేరు. ట్రాక్టరూ, దాని వెనక ట్రైలరూ విడదీయకుండా అట్లాగే లోపలికి వచ్చి నిలబడేంత ఇనుప షెడ్డు. అందులో ఓ మూల నేలలో గుంత ఉంటుంది. మనిషి దిగి నిలబడి, తల పైకెత్తి బండి అడుగుభాగం చూసుకునే గుంత. మా ఇంటి గొడవలన్నీ దాని చుట్టూ తిరిగాయి కాబట్టి నేనూ దాని చుట్టూ తిరగక తప్పదు.

చిన్నాయన మెకానిక్కు కాదు. తిరుపతిలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా బయటికి వచ్చినవాడు. పొద్దున్నే మొదటి బస్సెక్కి వెళ్ళి, పొద్దుగూకాక కడపటి బస్సులో దిగేవాడు. ఆదివారం దొరికితే మిక్సీనో, కుట్టుమిషన్నో, పక్కింటివాళ్ళ మోపెడ్‌నో విప్పి పాత చీర మీద పరుచుకునేవాడు. అది తిరిగి బిగించేటప్పుడు ఒకటో రెండో మరలు మిగిలేవి. "ఇవి మిగిలిపోయాయి కదా చిన్నాయనా" అంటే "తప్పు కాదు, ముందుజాగ్రత్త. రేపు పనికొస్తాయి" అనేవాడు. ఆ మాట ఆయన నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. తప్పు చేశానని ఒప్పుకోవడం ఆయన జాతకంలోనే లేదు.

రిటైరైనప్పుడు శాలువా కప్పి పంపారు. ఆ శాలువా తీసి చిన్నమ్మ చేతికిచ్చి, ఫోను పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. ఎక్కడో మంచు కురిసే దేశంలో ఒక దొర తన ఇంటి వెనక తానే ఇనుప షెడ్డు కట్టుకుంటున్న వీడియోలు కంటబడ్డాయి. భాష అర్థం కాదు, అయినా రోజంతా చూసేవాడు. తర్వాత నాకు ఫోను చేశాడు. "పాపా, ఆఫీసులో ఇన్నేండ్లు చేస్తిని. ఒక్క కుర్చీ కూడా నాది కాలా. బదిలీ అయితే కుర్చీ ఆడనే, నేను ఈడ. నేను నిలబడి పనిచేసుకునే తావు ఒకటి నాకు గావాల" అన్నాడు. ఆయన అంత నెమ్మదిగా మాట్లాడటం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

నాయుడుపేట దగ్గర ఏదో కంపెనీ పాత షెడ్లు విప్పేస్తుంటే వాటి స్తంభాలు, దూలాలు లారీలో వేయించుకుని వచ్చాడు. ఊరంతా వచ్చి చూసింది. అంత పెద్ద షెడ్డంటే వాళ్ళకు తెలిసింది నగిరిలో మరమగ్గాల షెడ్లే. "నగిరి నుంచి మగ్గాలు తెప్పిస్తాండావా అప్పా?" అని అడిగారు. "మగ్గాలు కాదు, ట్రాక్టర్లు" అన్నాడు. మా వైపు మామిడి కాలంలో ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఆ తొందరలో ట్రైలరు చక్రం పట్టేసిందంటే రైతు గతి అంతే. టౌనులో మెకానిక్కు దొరకడు, కాయలు మాగకుండా ఆగవు. చిన్నాయన ఆ చక్రాల మీద కన్నేశాడు. ఇంజను జోలికి మాత్రం వెళ్ళేవాడు కాదు. "అది గుండె డాక్టరు పని. మనది ఎముకల డాక్టరు పని" అనేవాడు.

దూలం ఎక్కించిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఇటు పది మంది తాళ్ళు పట్టుకున్నారు, అటు ట్రాక్టరుకు ఇంకో తాడు కట్టారు. ప్రతి ఒక్కడూ మేస్త్రీనే. ఒకడు లాగమంటాడు, ఒకడు ఆపమంటాడు. దూలం గాల్లో ఊగుతోంది. చిన్నాయన జేబులోంచి విజిల్ తీసి గట్టిగా ఊదాడు. దొడ్డి మొత్తం గమ్మునైపోయింది. "ఇంగ నా విజిలుకు తప్ప ఎవురి మాటకూ కదలగూడదు. ఇనుము మనిషి మాదిరి కాదు, చెప్పినట్టు ఇంటాది. మీరు గూడా ఇంటే సాలు" అన్నాడు. విన్నారు. దూలం వెళ్ళి స్తంభం మీద కూర్చుంది. బోల్టు వేయబోతే రంధ్రాలు కలవలేదు, రెండూ వేరే వేరే షెడ్లవి మరి. అందరూ ఆయన మొహం చూశారు. ఆయన స్తంభాన్ని వేలితో కొట్టి, విని, "ముందుజాగ్రత్త. కొత్త రంధ్రం వేసుకుంటే అది మనది" అని డ్రిల్లింగ్ మిషన్ తీసుకురమ్మన్నాడు.

కప్పు దగ్గర ఇంకో వింత జరిగింది. వీడియోలో దొర ఎట్లా వేశాడో అట్లాగే, పైన మంచు పేరుకుపోయినా వంగకుండా అడ్డంగా, ఐమూలగా రెట్టింపు ఇనుము బిగించాడు. "ఈడ మంచు యాడ పడతాది?" అని వీధిలో వాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. ఆ మరుసటి ఏడు వచ్చిన గాలివానకు పక్కింటి చింతచెట్టు కొమ్మ విరిగి సరిగ్గా ఆ కప్పు మీద పడింది. చుట్టుపక్కల రేకులు లేచి పొలాల్లో దొరికాయి. ఈ కప్పు మాత్రం సొట్ట పడింది గానీ వంగలేదు. చిన్నాయన లుంగీ పైకి కట్టుకుని వీధిలోకి వచ్చి, నవ్విన ప్రతి ఒక్కరి వాకిట్లో నిలబడి, "మంచు పడింది, వచ్చి సూడండి" అని పిలిచాడు.

ఇక గుంత సంగతి. చిన్నమ్మ వాళ్ళన్న పుత్తూరులో ఉంటాడు, నేను పుత్తూరు మామ అంటాను. వాస్తు చెప్పడం ఆయనకు వృత్తి కాదు, అలవాటు. ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విడవకముందే ఫోనులో దిక్కులు చూస్తాడు. చిన్నాయన షెడ్డు చూసి మొదట తెగ మెచ్చుకున్నాడు. అది దొడ్లో నైరుతి మూలన, అంటే దక్షిణానికీ పడమరకూ మధ్య, రోడ్డుకు ఆనుకుని ఉంది. ఆ మూల ఎంత ఎత్తుగా, ఎంత బరువుగా ఉంటే ఇంటికి అంత మంచిదట. కానీ అక్కడ గుంత తవ్వబోతున్నారని వినగానే ఆయన మొహం మాడిపోయింది.

"బావా, బరువు పెట్టు, కాదనను. నైరుతిలో గుంత మాత్రం వొద్దు. ఇంటాయన పానానికే గండం. గుంత ఉండాలంటే ఈశాన్యంలోనే ఉండాల" అన్నాడు.

చిన్నాయన నవ్వేసేవాడే గానీ, వంటింటి గుమ్మంలో చిన్నమ్మ నిలబడి ఉంది. చేతిలోని గరిటెలోంచి పులుసు గడప మీద కారిపోతున్నా చూసుకోలేదు. వాళ్ళకు పిల్లలు లేరు. ఒకరికి ఏమన్నా అయితే ఇంకొకరికి ఎవరూ లేరు. చిన్నాయన ఆ గరిటెను చూశాడు. "సరే, నీ ఈశాన్యంలోనే తవ్విద్దాం" అన్నాడు. ఆయన జీవితంలో వెనక్కి తగ్గింది ఆ ఒక్కసారేనేమో.

షెడ్డు బయట దొడ్డి ఈశాన్యం మూలన గుంత తవ్వారు, సిమెంటు పూశారు, మెట్లు పెట్టారు. అంతా శాస్త్రప్రకారం జరిగింది. కానీ మా ఇళ్ళలో దొడ్డి వాలు కూడా శాస్త్రప్రకారమే ఉంటుంది, నీళ్ళన్నీ ఈశాన్యానికే పారాలి. మొదటి వానకే ఊళ్ళో నీళ్ళన్నీ అందులోకి చేరినట్టయింది. రెండో వానకు కప్పలు వచ్చాయి. "గ్యారేజీ కడతావనుకుంటే బావి కట్టినావేమప్పా" అని వీధి నవ్వింది. పైగా ట్రాక్టరు అక్కడిదాకా వచ్చి తిరగాలంటే కొబ్బరిచెట్టు అడ్డం. చిన్నాయన కప్పల్ని కాసేపు చూసి, "తప్పు కాదు, ముందుజాగ్రత్త. కాల్సిన ఇనుము సల్లార్సుకోను నీళ్ళు గావాల గదా" అన్నాడు.

మరుసటి వారం షెడ్డు లోపల, మెరకగా, పొడిగా ఉన్న నైరుతి మూలన తానే గడ్డపార దించాడు.

చిన్నమ్మ అన్నం మానేసింది. రెండో పూటకు ఆయన కూడా మానేశాడు. ఆ రాజీ ఎట్లా కుదిరిందో తర్వాత ఆమే చెప్పింది. "నువ్వు దిగినప్పుడంతా నేను ఈడ కూసుంటా. నేను లేకుండా దిగగూడదు" అందట ఆమె. "కూసో. ఎవురొద్దన్నారు?" అన్నాడట ఆయన. గుంత గట్టున ఆమె కోసం ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేశాడు. బండి కింద మనిషి ఉన్నంతసేపూ ఆమె కదలకూడదు, ఇంట్లో కుక్కరు కూత పెట్టినా సరే.

నేను శనివారాలు వెళ్ళినప్పుడు ఆ దృశ్యం చాలాసార్లు చూశాను. పైన ట్రైలరు ఉంటుంది. దాని పక్కన కుర్చీలో చిన్నమ్మ ఒళ్ళో చేట పెట్టుకుని అనపకాయలు ఒలుస్తూ ఉంటుంది. చిన్నాయన కనపడడు. కిందనుంచి స్పానరు చప్పుడు, మధ్య మధ్యలో ఆయన గొంతు వినపడతాయి. ఒకసారి నేను వచ్చింది వాళ్ళకు తెలియలేదు, తలుపు దగ్గరే ఆగిపోయాను.

"ఇంటాండావా?" అంటోంది చిన్నమ్మ.

"ఇంటాండా, చెప్పు."

"మా అమ్మ మనింటికి వచ్చినప్పుడు నువ్వు పలకరించలా."

"యెప్పుడు?"

"మన పెండ్లయిన కొత్తల్లో. పాపం ఆ యమ్మ ముద్ద గూడా మింగకుండా ఎలబారిపాయె."

కింద స్పానరు చప్పుడు ఆగింది. "నాకు మాట రాలేదుమే" అన్నాడు చిన్నాయన. "పెద్దామె ముందర ఏం మాట్లాడాలో తెలీక వరండాలో కూసుంటి. తప్పు..." అని ఆగాడు.

"తప్పు కాదు, ముందుజాగ్రత్త. అంతే గదా" అంది చిన్నమ్మ.

పైనుంచీ కిందనుంచీ ఒకేసారి నవ్వు వచ్చింది. వాళ్ళిద్దరూ కలిసి నవ్వగా నేను పుట్టి బుద్ధెరిగాక వినడం అదే మొదలు. నాకు లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. వంటింట్లోకి వెళ్ళి నేనే కాఫీ పెట్టాను.

తర్వాత గమనించాను, గుంతలో ఉన్నప్పుడు ఆయన మనిషే వేరు. ఆఫీసులో తనను తిట్టిన అధికారి సంగతి, బస్సులో తప్పిపోయిన టిఫిన్ క్యారియరు సంగతి, పిల్లలు పుట్టలేదని తిరుపతి బస్టాండులో కూర్చుని ఏడ్చిన సంగతి, అన్నీ బండి కిందనుంచే చెప్పాడు. పైకి వచ్చి చేతులు కడుక్కుని అన్నానికి కూర్చుంటే మళ్ళీ "ఉప్పు", "నీళ్ళు", "సాలు" తప్ప మాట ఉండదు. వాన పడితే మరీ చూడాలి. రేకుల చప్పుడుకు ఇద్దరూ అరిచి మాట్లాడుకునేవాళ్ళు, వాళ్ళ కాపురం వీధి వీధంతా వినేది. పని లేని రోజుల్లో కూడా ఎవరి బండినో గుంత మీద పెట్టించి "బేరింగులో ఏందో సప్పుడు" అని దిగేవాడు. ఏ సప్పుడూ ఉండేది కాదని ఆ బండివాళ్ళే నాతో అన్నారు.

ఆయన పోయిన రోజు గుంతలో లేడు. పొద్దున్నే స్నానం చేసి, దేవుడి గదిలో దీపం వెలిగించి, గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. చిన్నమ్మ కాఫీ తీసుకెళ్ళి పిలిస్తే పలకలేదు.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక మగవాళ్ళంతా షెడ్డు నీడలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పుత్తూరు మామ గొంతు సవరించుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, చెల్లెలంటే ప్రాణం. ఆ పది రోజులూ ఆయనే ముందుండి అన్నీ చూసుకున్నాడు.

"చూడమ్మణ్ణీ, ఆ పొద్దే చెప్పినా. నైరుతిలో గుంత ఇంటాయన్ని తినేస్తాదని. అయ్యిందేదో అయ్యింది. ఇంగ ఈ ఇంటికి నువ్వే యజమానివి. రేపు నీకేమన్నా అయితే నేను తట్టుకోలేను. మన్ను చెప్పినాను, ట్రాక్టరు వస్తా ఉండాది. ఈ పొద్దే పూడ్చేద్దాం" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా అదే మంచిదన్నారు.

చిన్నమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె తల వంచుకుని ఒప్పుకుంటుందనే నేను అనుకున్నాను. ఆ గుంతకు అందరికంటే ఎక్కువ భయపడిన మనిషి ఆమే కదా.

"అన్నా, ఆయన యాడ పోయినాడు?" అంది.

"యాడేంది మ్మా, ఇంట్లోనే గదా."

"ఇంట్లో యాడ?"

"దేవుడి గదిలో."

"ఆ గది యా మూల ఉండాది?"

మామ ఈసారి ఫోను తీయలేదు. "ఈశాన్యం" అన్నాడు మెల్లగా.

"మరి ఆ గదిని గూడా పూడ్చమంటావా?"

అంతలో మన్ను ట్రాక్టరు రోడ్డు మీదినుంచి తిరిగి, నేరుగా షెడ్డులోకి వచ్చి, సరిగ్గా గుంత మీద ఆగింది. మామ లేచి నిలబడ్డాడు. "దాని మిందనే పెట్టినావేందబ్బా? మన్ను యెట్ల పోస్తావు?" అని అరిచాడు. డ్రైవరు నాలిక కరుచుకున్నాడు. "అలవాటు సామీ. ఈ షెడ్లోకి వస్తే బండి దానంతటదే ఈడికే పోతాది" అన్నాడు.

చిన్నమ్మ ట్రైలరు దగ్గరికి వెళ్ళి, దాని అంచు మీద చెయ్యి వేసింది. అన్న వైపు తిరిగి మాట్లాడింది. ఆమె అంతసేపు అంతమంది మగవాళ్ళ ముందు మాట్లాడటం అదే మొదటిసారి.

"పెండ్లయినప్పట్నించి ఆయన పొద్దన్నే బస్సెక్కె, మాపటికి దిగె, పెడితే తినె. నా మొగం జూసి మాట్లాడింది లేదన్నా. ఆయనకు మాట రాదు, అంతే. ఈ గుంతలోకి దిగినాకనే వచ్చింది. నేను పైన, ఆయన కింద. మొగం కనపడకుంటే అన్నీ చెప్పె. నా కాపురం ఈడనే జరిగింది. దీన్ని ఎవురూ ముట్టుకోవద్దు."

మామ మళ్ళీ కూర్చున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నేను చిన్నమ్మ పక్కకు వెళ్ళి నిలబడ్డాను. ఏడ్చానని చెప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

"అట్లయితే ఈ మన్ను ఏం జేసేదమ్మా?" అన్నాడు డ్రైవరు.

"ఆ ఈశాన్యం గుంతలో పొయ్యి. వానొస్తే కప్పల గోలకు నిద్ర లేకుండా ఉండాది."

మామ నోరు తెరిచాడు. ఈశాన్యాన్ని పూడ్చడం ఎంత అరిష్టమో చెప్పడానికి ఆయన దగ్గర గంటకు సరిపడా సరుకు ఉంటుంది. చెల్లెలి మొహం చూసి, తెరిచిన నోరు మూసుకున్నాడు.

కొబ్బరిచెట్టు దాకా బండిని వెనక్కి పోనిచ్చి, అక్కణ్ణించి మన్ను గుంతలోకి తోయించి, ఖాళీ ట్రైలరుతో డ్రైవరు మళ్ళీ షెడ్డులో గుంత మీదికే వచ్చి ఆగేసరికి చుట్టాలు బస్సుకు బయలుదేరుతున్నారు. అతను బండి దిగి, కుడి చక్రం వైపు చూపించి, కొంచెం మొహమాటంగా అన్నాడు. "అమ్మా, ఆ పక్క బేరింగు నిజంగానే సప్పుడు సేస్తాండాది. అయ్య ఉంటే సూసేవాడు. ఇంగ నేనే దిగి సూసుకోవాల."

చిన్నమ్మ చక్రం దగ్గరికి వెళ్ళి, దాన్ని వేలి కణుపులతో కొట్టి, తల పక్కకు వంచి విన్నది. తర్వాత గోడ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చి గుంత గట్టున వేసుకుని కూర్చుంది.

"దిగప్పా" అంది. "నేనీడనే ఉంటా."